మీ పేట చెరువును కాపాడుకోవడం ఎలా: విశాఖవాసుల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

విశాఖలో పేటల పేర్లు వింటే చాలు, నీళ్లు ఎక్కడెక్కడ పారేవో తెలిసిపోతుంది. హనుమంతవాకలో వాక ఉంది, అంటే ఏరు. ముడసర్లోవలోనూ ఆరిలోవలోనూ లోవ ఉంది, అంటే కొండల నడుమ పల్లం. మేఘాద్రిగెడ్డ, గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ సరేసరి, గెడ్డ అంటే వాగే. సింహాచలం కొండ మీదా కంబాలకొండ మీదా పడిన వాన ఈ గెడ్డల్లోంచి దిగి, కొంత చెరువుల్లోనూ, బందలనే చిన్న కుంటల్లోనూ నిలిచి, మిగిలింది సముద్రంలో కలిసేది. ఇప్పటికీ దారి అదే. కాకపోతే ఆ దారి పొడవునా ఇళ్లు కట్టుకున్నాం, గెడ్డని డ్రైనేజీ అనడం మొదలుపెట్టాం.

మా కాలనీ వెనక ఒక చిన్న చెరువుంది. నాలుగైదు ఆదివారాలు నలుగురం కలిసి గట్టు మీద చెత్త ఏరాం. సంచులకి సంచులు నింపాం. ఒక్క పెద్ద వాన పడింది, మర్నాడు వెళ్లి చూస్తే గట్టు వారంతా మళ్లీ పాల ప్యాకెట్లు, థర్మోకోల్ ముక్కలు, నీళ్ల మీద తెల్లటి నురగ. అప్పుడు అర్థమైంది, అవన్నీ గెడ్డలోంచి వస్తున్నాయని. గెడ్డలోకి మా ఇళ్ల ముందు కాలువల్లోంచి వస్తున్నాయి. అందుకే ఈ మార్గదర్శిలో చాలా పనులు చెరువు దగ్గర చేసేవి కావు. మీ ఇంటి దగ్గర, మీ వీధి మలుపులో, వార్డు సచివాలయంలో చేసేవి.

1. ముందు గెడ్డ వెంట నడవండి

ఒక ఉదయం రెండు గంటలు దీనికి కేటాయించండి. వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. చెరువులోకి నీళ్లు వచ్చే చోటు వెతికి, అక్కడి నుంచి పైకి నడవండి. దారిలో కలిసే ప్రతి పైపు, ప్రతి పక్క కాలువ దగ్గర ఆగి ఫోన్‌లో ఫొటో తీయండి. లొకేషన్ ఆన్ చేసి తీస్తే తర్వాత ఏ ఫొటో ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.

ప్రతి చోటా మూడు విషయాలు చూడండి: రంగు, వాసన, నురగ. ఎర్రటి నీళ్లు వస్తుంటే పైన ఎక్కడో కొండ తవ్వుతున్నారనో పునాదులు తీస్తున్నారనో లెక్క. నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో వస్తుంటే మరుగుదొడ్ల మురుగు కలుస్తోంది. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల తెట్టు కనిపిస్తే ఆ వీధిలో మెకానిక్ షెడ్డో, బళ్లు కడిగే చోటో ఉంటుంది. వానల్లేని రోజుల్లో కూడా ఒక కాలువ ఆగకుండా పారుతోందంటే అందులో ఉన్నది వాన నీరు కాదు. దాన్ని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. చెరువుకి ఎక్కువ చేటు చేసేవి ఇవే.

ఇంటికొచ్చాక తెల్లకాగితం మీద ఆ దారంతా చేత్తో గీయండి. కొలతలు అక్కర్లేదు. ఆ కాగితాన్ని అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెట్టి చూడండి. "అయ్యో, మన వీధి నీళ్లు అక్కడికా వెళ్తున్నాయి!" అని కనీసం నలుగురైనా అంటారు. మా దగ్గర సగం పని ఆ కాగితంతోనే అయింది.

2. మీ ఇంటి మురుగు ఎక్కడ తేలుతోందో కనుక్కోండి

ఇది ఎవరికీ మాట్లాడటం ఇష్టం లేని విషయం. చెరువుకి అన్నిటికంటే అవసరమైనదీ ఇదే.

చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది కానీ దాని నుంచి బయటికొచ్చే నీరు ఇంకుడు గుంతలోకి వెళ్లదు. నేరుగా వీధి కాలువలోకి వదిలేస్తారు. కట్టిన మేస్త్రికి తప్ప ఇంటివాళ్లకి కూడా తెలియదు. తెలుసుకోవడం తేలిక. మిఠాయిల్లో వేసే తినే రంగు ఒక చెంచాడు బకెట్ నీళ్లలో కలిపి, ట్యాంకు తర్వాత ఉండే ఛాంబర్‌లో పోయండి. వెనకే ఇంకో రెండు బకెట్ల మంచినీళ్లు పోయండి. ఒకరిని వీధి కాలువ దగ్గర నిలబెట్టండి. కాలువలో రంగు కనిపిస్తే మీ మురుగు గెడ్డలోకి వెళ్తున్నట్టే. వంటింటి సింకుకీ, బట్టలు ఉతికే చోటుకీ కూడా ఇలాగే చూడొచ్చు.

మీ వీధిలో భూగర్భ డ్రైనేజీ లైను ఉంటే కనెక్షన్ తీసుకోవడమే సరైన మార్గం. లైను రాని చోట ట్యాంకు తర్వాత ఇంకుడు గుంత తవ్వించండి, అది బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. ట్యాంకుని రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. మూడో వంతుకి మించి మడ్డి పేరుకుంటే ట్యాంకు పని చేయడం మానేస్తుంది, వచ్చింది వచ్చినట్టు బయటికి తోసేస్తుంది. మరుగుదొడ్డిలో యాసిడ్ లీటర్ల కొద్దీ పోస్తే లోపల మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అప్పుడూ అదే పరిస్థితి.

ఖాళీ చేసే ట్యాంకర్ వచ్చినప్పుడు డ్రైవర్‌ని ఒక్క మాట అడగండి: "బాబూ, ఇది ఎక్కడ పోస్తావు?" శుద్ధి కేంద్రం పేరు చెప్తే సరే. నీళ్లు నములుతుంటే వేరే బండిని పిలవండి. వంద రూపాయలు తక్కువని పిలిచిన ట్యాంకర్ రాత్రిపూట మన గెడ్డలోనే గుమ్మరించి వెళ్లిపోవచ్చు. ఇంకో సంగతి, ఏ పరిస్థితిలోనూ మనిషిని ట్యాంకులోకి దించకండి. లోపలి విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

3. సబ్బు, నూనె, మిగిలిపోయిన అన్నం

కొన్ని బట్టల సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్ ఉంటుంది. మలంలోనూ ఎరువుల్లోనూ ఉండేది కూడా అదే జాతి సరుకు. పొలానికి ఎరువు ఎలాగో, చెరువులో నాచుకి ఇది అలాగ. ఫాస్ఫేట్ చేరేకొద్దీ నీళ్లు పచ్చబడతాయి. పగలు నాచు ప్రాణవాయువుని వదులుతుంది. రాత్రి మాత్రం అదే పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి నీళ్లలో చేపలకి ఊపిరి ఆడదు.

దీన్ని నేను కళ్లారా చూశాను. రెండు రోజులు బాగా మబ్బు పట్టి ఉంది. ఐదున్నరకి గట్టు మీదికి వెళ్తే, అలుగు పక్కన వేలెడంత చేపలు వందల్లో నీటి పైకి తేలి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. నీళ్ల మీద చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న వలయాలు. చప్పుడు లేదు. మర్నాటికి వాటిలో చాలా చేపలు వెల్లకిలా తేలాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో అనుకున్నారు. ఎవరూ కలపలేదు, మా కాలువలన్నీ కలిసి చేసిన పని అది.

చేయాల్సింది ఇంతే. ఫాస్ఫేట్ లేదని రాసి ఉన్న సబ్బు పొడి కొనండి. ప్యాకెట్ మీద చెప్పిన కొలత మించొద్దు, మామూలు మురికికి అందులో సగం వేసినా బట్టలు తెల్లగానే వస్తాయి. వేపుడు నూనె సింకులో పోయకుండా సీసాలో పోగు చేసి, వాడేసిన నూనె కొనేవాళ్లకి ఇవ్వండి. ప్లేట్లలో మిగిలినదంతా ముందు తడి చెత్త డబ్బాలోకి తోసి తర్వాత కడగండి. కారు, బైకు వీధిలో పైపు పెట్టి కడక్కుండా తడిగుడ్డతో తుడవండి.

చెరువు దగ్గర బట్టలు ఉతికే రజకుల మీద మాత్రం విరుచుకుపడకండి. అది వాళ్ల బతుకుతెరువు. నురగలో వాళ్ల వాటా కంటే మన వాషింగ్ మెషీన్ల వాటా ఎక్కువ. వాళ్లకి నీళ్లూ, మురుగు బయటికి పోయే దారీ ఉన్న ఘాట్ కట్టించమని వాళ్లతో కలిసి అర్జీ పెట్టండి.

4. వాన నీటిని నెమ్మదించండి, మట్టిని ఆపండి

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకి పైగా నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లు అన్ని ఇళ్ల నుంచీ ఒకేసారి కాలువలో పడితే దారిలోని చెత్తనంతా ఊడ్చుకుని చెరువులోకి తోస్తాయి. డాబా పైపుని ఇంకుడు గుంతలోకి తిప్పితే ఆ ఉరవడి తగ్గుతుంది, బోరూ బతుకుతుంది. వాకిలంతా సిమెంటు చేయకుండా కొంత మట్టి వదిలేసినా మేలే.

మన నేల ఎర్రమట్టి. తవ్వి వదిలేస్తే తేలిగ్గా కొట్టుకుపోతుంది. అది చెరువు అడుగున పేరుకుంటే ఏటేటా లోతు తగ్గుతూ పోతుంది. ఇల్లు కడుతున్నవాళ్లు ఇసుక కుప్ప మీద టార్పాలిన్ కప్పి, కాలువ వైపు ఒక వరస ఇసుక బస్తాలు అడ్డం పెడితే చాలావరకు ఆగుతుంది. సిమెంటు కలిపిన మిల్లర్‌ని కడిగిన నీళ్లు కాలువలో పోయనివ్వకండి. వాటిలో సున్నపు ఘాటు చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. పక్కింట్లో పని జరుగుతుంటే, చెప్పే మాట వానల ముందే చెప్పండి.

5. పండగలప్పుడు

వినాయక చవితికి కాల్చని మట్టితో చేసిన, రంగులు వేయని విగ్రహం తీసుకోండి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ నీళ్లలో కరగదు, నెలల తరబడి అడుగున అలాగే ఉంటుంది. మెరిసే రంగుల్లో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేసి, కరిగిన మట్టిని కుండీల్లో పోయండి. ఇరవై ఒక్క రకాల పత్రి కూడా చెరువులో వేయనక్కర్లేదు, నీళ్లలో కుళ్లితే అదీ ప్రాణవాయువుని లాగేస్తుంది. మొక్కల మొదట్లో వేస్తే ఎరువవుతుంది.

వీధి మండపం వాళ్లతో మాట్లాడాలంటే శ్రావణంలోనే మాట్లాడాలి. విగ్రహానికి అడ్వాన్స్ ఇచ్చేశాక ఎంత చెప్పినా లాభం లేదు.

కార్తీకంలోనూ, ఆ నెల ముగిసిన మర్నాడు వచ్చే పోలి పాడ్యమి నాడూ దీపాలు వదలడం మన ఆనవాయితీ. అరటి దొప్పలో వదిలితే ఏ ఇబ్బందీ లేదు. థర్మోకోల్ గిన్నెల్లో వదిలినవే తర్వాత ముక్కలై పక్షుల కడుపుల్లోకి పోతాయి. మేము గట్టు మీద ఒక బల్ల వేసి అరటి దొప్పలు ఊరికే ఇచ్చాం. థర్మోకోల్ తెచ్చిన ఆడవాళ్లు చాలామంది ఏమీ అనకుండానే మార్చుకున్నారు. వద్దని బోర్డు పెట్టిన ఏడాది ఇంత మార్పు రాలేదు.

6. గుర్రపు డెక్క తీసేటప్పుడు

ఊదా రంగు పూలతో చూడటానికి బాగుంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీళ్లలో రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు. నీళ్లలో మురుగు ఎంత ఎక్కువుంటే అంత బలిసిపోతుంది. అందుకే పైన చెప్పిన రెండో పనీ మూడో పనీ చేయకుండా డెక్క తీయడం మొదలుపెడితే ఏటా తీస్తూనే ఉండాలి.

తీయడానికి మంచి కాలం ఎండాకాలం మొదట్లో, నీళ్లు తగ్గి, పూత రాకముందు. దాని గింజలు బురదలో ఇరవై ఏళ్ల దాకా బతికి ఉండగలవు, కాబట్టి పూశాక ఆలస్యం చేయకూడదు. నీళ్లలోకి మీరు దిగొద్దు. చెరువులో చేపలు పట్టే మత్స్యకార సంఘం వాళ్లని అడగండి. లోతు ఎక్కడుందో, ఊబి ఎక్కడుందో వాళ్లకి తెలుసు, పడవ కూడా ఉంటుంది. వాళ్ల కూలి వాళ్లకివ్వండి. గట్టు మీద ఉండి లాగేవాళ్లు బూట్లు, గ్లవ్స్ వేసుకోవాలి, డెక్క వేళ్లలో పాములుంటాయి.

మొదటిసారి మేము తీసినదంతా గట్టు వారనే కుప్ప పోశాం. నాలుగు రోజులకి వాన పడి సగం మళ్లీ నీళ్లలోకి జారింది, చూస్తుండగానే వేళ్లు తొడిగింది. రెండు రోజుల కష్టం పోయింది. తీసినది తీసినట్టు నీటి మట్టానికి పైన, వాలు అవతలి వైపు ఉండే చోటికి మోయించండి. పరిచి ఎండబెట్టి, పేడ కలిపి కంపోస్టు చేయొచ్చు. అయితే మురుగు చేరే చెరువులో డెక్క లోహాల్ని కూడా పీల్చుకుని ఉంటుంది, ఆ కంపోస్టు పూలమొక్కలకే వేయండి, కూరగాయలకి వద్దు.

జమ్ము, తుంగ, తామర మాత్రం డెక్కతో పాటు పీకేయకండి. అంచుల్లో అవి ఉంటేనే మట్టి ఆగుతుంది, నీటికోళ్లు గూడు కడతాయి. ఆరోగ్యంగా ఉండే అంచు ఎలా ఉంటుందో చూడాలంటే ఒక చలికాలం ఉదయం కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి వెళ్లి రండి. 2022 నుంచి అది అనకాపల్లి జిల్లాలో ఉంది. తాటి దోనె మీద జమ్ము మధ్యలోంచి వెళ్తుంటే, పార్కులా రాయి కట్టిన చెరువు గట్టుల్లో ఏం పోయిందో తెలుస్తుంది.

7. కొత్తవి తెచ్చి వదలకండి

అక్వేరియం చేపల్ని, తాబేళ్లని జాలిపడి చెరువులో వదలకండి. అవి అక్కడి చేపల గుడ్లని తినేస్తాయి. గట్టు మీద మొక్కలు నాటాలనుకుంటే గానుగ, నేరేడు, ఏరుమద్ది, తాటి నాటండి, కోనోకార్పస్ వద్దు. చేపలకి బ్రెడ్డు, మరమరాలు వేయడం కూడా మానుకోవాలి.

8. "దోమలకి చెరువే కారణం" అన్నప్పుడు

ప్రతి వానాకాలం ఈ మాట వస్తుంది. వెనకే చెరువు పూడ్చేయమనే మాట కూడా వస్తుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. డెంగీ దోమ చెరువులో పెరగదు, మన ఇంట్లో కూలర్లో, పూలకుండీ పళ్లెంలో, డాబా మీది పాత టైరులో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. మురికి కాలువల్లోనూ గుర్రపు డెక్క మధ్య కదలని నీళ్లలోనూ పెరిగేది క్యూలెక్స్ దోమ. చేపలున్న, గాలికి అలలు కదిలే శుభ్రమైన చెరువులో దోమ పిల్లలు బతకడం కష్టం. కాబట్టి దోమలకి మందు చెరువుని బాగుచేయడమే. ప్రతి శుక్రవారం ఇంట్లో నిలవ నీళ్లు ఒంపేయండి, వీధిలో పదిమంది చేత చేయించండి.

9. ఆక్రమణ మొదలైందని అనిపిస్తే

ముందు ఒక మాట తెలుసుకోవాలి: ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటి మట్టం. చెరువు నిండి అలుగు పొర్లే వేళకి నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో ఆ గీత. వైశాఖంలో ఎండిన నేల చూపించి "ఇక్కడ నీళ్లెక్కడున్నాయి?" అని ఆక్రమించేవాళ్లు అడుగుతారు. దానికి మీ దగ్గర సాక్ష్యం ఉండాలి. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య చెరువు నిండినప్పుడు ఏటా ఒకే చోట నిలబడి ఫొటోలు తీసి పెట్టుకోండి. ఫొటోలో కరెంటు స్తంభమో గుడో, కదలని గుర్తు ఒకటి పడాలి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా చూడొచ్చు.

తర్వాత కాగితాలు. ప్రభుత్వ భూరికార్డులుండే మీభూమి వెబ్‌సైట్‌లో గ్రామ పటం, అడంగల్ చూసి చెరువు సర్వే నంబరు రాసుకోండి. చెరువు పోరంబోకు, గెడ్డ పోరంబోకు అని ఉందేమో చూడండి. గెడ్డ నంబరు మర్చిపోవద్దు, గెడ్డ మూసేస్తే చెరువుని ముట్టుకోకుండానే చంపేయొచ్చు.

రాత్రికి రాత్రి మట్టి లారీలు దిగుతుంటే వాళ్లతో గొడవకి దిగొద్దు. దూరం నుంచి ఫొటో, లారీ నంబరు, టైము రాసుకుని తెల్లారగానే ఫిర్యాదు చేయండి. వార్డు సచివాలయంలో రెవెన్యూ, ప్లానింగ్, శానిటేషన్ కార్యదర్శులు వేరువేరుగా ఉంటారు. ఆక్రమణ అయితే మొదటి ఇద్దరికీ, మురుగో చెత్తో అయితే మూడో వాళ్లకీ రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లోనూ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లోనూ జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి వెళ్లండి, లేదా 1100కి ఫోన్ చేయండి. రసీదు నంబరు లేకుండా ఎక్కడి నుంచీ వెనక్కి రావద్దు.

అర్జీలో పెద్ద పెద్ద మాటలు రాయకండి. సర్వే నంబరు, తేదీ, ఏం జరుగుతోంది, ఏం కావాలి, ఈ నాలుగే ఒక పేజీలో. వాల్టా చట్టం, 2002 (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) పేరు రాయండి. చెరువుల్లాంటి ఉమ్మడి వనరుల్ని ఇళ్ల స్థలాలుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది, 2011లో పంచాయతీ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమంది. ఇవి కూడా ఒక్కో వాక్యంలో చేర్చండి. ఒక్కరి సంతకం కంటే ఇరవై సంతకాలు మేలు, సంఘం లెటర్‌హెడ్ ఉంటే ఇంకా మేలు. హద్దు రాళ్లు వేశారా, ఎఫ్‌టీఎల్ పటం ఉందా అన్నది సమాచార హక్కు కింద కొద్దిపాటి ఫీజుతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే కార్యాలయంలో మొదటి అప్పీలు వేయండి.

10. ఒక నోటుబుక్కు, ఒక స్టీలు పళ్లెం

ఇంట్లో పాత స్టీలు పళ్లెం ఒకటి తీసుకోండి. సగం తెలుపు, సగం నలుపు పెయింటు వేయండి. మధ్యలో రంధ్రం చేసి తాడు కట్టి, కింద చిన్న రాయి వేలాడదీయండి. తాడుకి ప్రతి పది సెంటీమీటర్లకీ ఒక ముడి వేయండి. పది గంటలకీ రెండు గంటలకీ మధ్య, ఎండ ఉన్నప్పుడు, పడవ మీంచో మెట్ల మీంచో నెమ్మదిగా నీళ్లలోకి దించండి. పళ్లెం కనిపించకుండా పోయిన చోట ముడులు లెక్కపెట్టండి. ఎక్కువ ముడులంటే నీళ్లు తేటగా ఉన్నట్టు. నెలకోసారి, అదే చోట, అదే వేళకి చేయాలి.

పక్కనే రాయాల్సినవి: తేదీ, ముడులు, నీళ్ల రంగు, వాసన, డెక్క ఎంతవరకు పాకింది, చేపలు పైకి తేలాయా, ఏ పక్షులు కనిపించాయి. నారాయణ పక్షి, లకుముకి, నీటికాకి ఇవి పిల్లలు కూడా గుర్తుపడతారు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ పని అప్పజెప్పండి, పెద్దవాళ్ల కంటే శ్రద్ధగా చేస్తారు.

మా పుస్తకంలో మొదటి ఏడాది ఎక్కువసార్లు రెండు ముడులే. పై వీధిలో పదకొండు ఇళ్ల మురుగు పైపులు కాలువలోంచి తప్పించాక వచ్చిన చలికాలంలో ఒక అమ్మాయి "నాలుగు" అని రాసి, నమ్మకం కలగక మళ్లీ దించి చూసి, దాని కింద ఇంకోసారి "నాలుగు" అని రాసింది.